ఏం వెయ్యమంటారు?

ఈ నెల నా బల్ల మీదికొచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాటతో ముగిశాయి. ఆకు పసుపైంది, ఏం వెయ్యమంటారు? పూత రాలుతోంది, ఏం వెయ్యమంటారు? చలి వెళ్ళి ఎండ ముదిరేలోపు వచ్చే ఈ నాలుగు వారాల్లో మొక్కలు ఎంత తొందరపడతాయో వాటిని పెంచేవాళ్ళమూ అంతే తొందరపడతాం. నా వసారాలో 28 కుండీలున్నాయి. 19 ఏళ్ళుగా వాటితోనే నా పొద్దు. ఏమీ వెయ్యక నేను పోగొట్టుకున్న మొక్కలు వేళ్ళ మీద లెక్కకొస్తాయి. ఏదో ఒకటి వేసి చంపుకున్నవాటికి లెక్క లేదు. అందుకే ఈసారి జవాబుల్లో "వెయ్యండి" కన్నా "చూడండి" ఎక్కువుంటే విసుక్కోకండి.

ప్రశ్న: చలికాలంలో మా వసారాలో గోడ దాకా ఎండ పడేది. అది చూసే ఆరు కుండీలు గోడ వారగా పెట్టి టమాటా, వంగ నాటాను. ఇప్పుడు మొక్కలు సన్నగా పైకి సాగిపోతున్నాయి. ఎండ కూడా వెనక్కి జరిగినట్టుంది. బలానికి ఏ ఎరువు వెయ్యమంటారు? (కొత్తగా మొదలుపెట్టిన ఒకావిడ)

జరిగినట్టుండటమేమిటమ్మా, జరిగింది. చలికాలంలో సూర్యుడు బాగా కిందుగా నడుస్తాడు. కప్పు కింద నుంచి దూరి మీ గోడను తాకుతాడు. వసంతం వచ్చేకొద్దీ మధ్యాహ్నం పూట అంతకంతకూ నెత్తి మీదికొస్తాడు. అప్పుడు మీ కప్పే మీ మొక్కలకు గొడుగవుతుంది. మధ్యాహ్నపు ఎండ పడే వసారాలన్నిటికీ ఇదే గతి. ఉదయమో సాయంత్రమో పక్క నుంచి ఎండ వచ్చే వసారాల్లో తేడా ఇంతగా తెలియదు.

ఒక సుద్దముక్క తీసుకోండి. ఇంట్లో ఉండే ఒక రోజు చూసుకుని, ఉదయం 8 గంటలకు ఎండ ఎక్కడిదాకా పడిందో నేల మీద గీత గీసి పక్కన గంట రాయండి. 10కి మళ్ళీ, 12కి మళ్ళీ, అలా సాయంత్రం దాకా. పొద్దు వాలేసరికి నేలంతా తొక్కుడుబిళ్ళ గళ్ళలా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏ చోట ఎన్ని గంటలు నేరుగా ఎండ పడుతుందో మీకు మొదటిసారి తెలిసేది ఆ రోజే. ఆరు గంటలు, అంతకు మించి పడే చోటు టమాటా, వంగ, మిరప, బెండలది. మూడు నాలుగు గంటలు పడే చోట ఆకుకూరలు, పుదీనా సర్దుకుపోతాయి. నెల తర్వాత ఇంకోసారి గీయండి, గీతలు మారతాయి.

ఎరువు ఇప్పుడు వద్దు. వెలుతురు చాలని మొక్కకు నత్రజని ఇస్తే ఇంకా సాగుతుంది, ఇంకా మెత్తబడుతుంది. కుండీలను అంచుకు జరపండి, అది కూడా ఒక్కసారిగా కాదు. మొదటి రోజు ఒకటి రెండు గంటల నీరెండ, మర్నాడు ఇంకో గంట, అలా వారం పది రోజుల్లో పూర్తి ఎండకు తీసుకురండి. ఒక్క రోజులో మార్చేస్తే ఆకుల మీద కాగితంలా తెల్లటి మచ్చలు పడతాయి. దాన్ని తెగులనుకుని మీరు మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు. సాగిపోయిన టమాటాకు ఒక వెసులుబాటుంది. కింది ఆకులు తుంచి, కాండాన్ని లోతుగా పాతితే, పాతినంత మేరా వేళ్ళు పుట్టుకొస్తాయి. వంగను మాత్రం ఉన్న లోతులోనే ఉంచండి.

ప్రశ్న: మిరప నారు నాటి పన్నెండు రోజులైంది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు తప్పకుండా పోస్తున్నాను. అయినా మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తున్నాయి, కింది ఆకులు పసుపుబారాయి. ఫోటో పంపుతున్నాను. నీళ్ళు చాలట్లేదా, టానిక్ ఏదైనా వెయ్యమంటారా?

మీ ఫోటోలో మొక్క కన్నా ముందు నా కంట పడింది కుండీలోని మట్టి మీద పచ్చగా పట్టిన పాకుడు. మట్టి పై పొర ఎప్పుడూ ఆరకపోతేనే అది పుడుతుంది. మీ మొక్కకు దాహం కాదు, ఊపిరాడటం లేదు.

ఇందులో ఒక తిరకాసుంది. నీళ్ళు లేక వాడిన మొక్క, నీళ్ళు ఎక్కువై వాడిన మొక్క చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. వేరుకు నీళ్ళతో పాటు గాలి కూడా కావాలి. మట్టిలోని సందులన్నీ నీళ్ళతో నిండి ఉంటే గాలి లేక వేరు చస్తుంది. చచ్చిన వేరు నీళ్ళు తోడలేదు, కాబట్టి నీళ్ళలో నిలబడే మొక్క ఎండిపోతుంది. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. ఒక ఏడాది నేను ఇలాగే తొమ్మిది మిరప మొక్కలకు దగ్గరుండి పోసి పోసి, తొమ్మిదింటినీ పోగొట్టుకున్నాను. పదోది దూరంగా ఒక మూల ఉండిపోయి, రోజూ నా చెంబు దాని దాకా వెళ్ళక బతికింది. దానికి ఆ ఏడాది కాసిన కాయలు చూస్తుంటే నాకు సిగ్గేసేది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. సాయంత్రం ఎండ తగ్గాక చూడండి, తల ఎత్తుకుందా? ఎత్తుకుంటే భయం లేదు. మిట్టమధ్యాహ్నం ఆకు వదిలే నీళ్ళంత వేగంగా వేరు అందించలేదు. మట్టి తడిగా ఉండి కూడా ఆ గంటసేపు వాడటం మామూలే. మర్నాడు తెల్లవారేటప్పటికి కూడా వాలే ఉంటే ఒక మొక్కను బయటికి తీసి చూడాలి. ఎడమ అరచేతిని మట్టి మీద పరిచి, కాండాన్ని రెండు వేళ్ళ మధ్య ఇరికించి, కుండీని తలకిందులు చేసి, అంచును దేనికైనా రెండుసార్లు మెల్లగా తట్టండి. మట్టి ముద్ద మొత్తంగా చేతిలోకి దిగుతుంది. ముందు వాసన చూడండి. తవ్విన మట్టి వాసన వస్తే మంచిదే, మురుగు వాసన వస్తే కాదు. వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగి, చేత్తో లాగితే పైతొక్క తొడుగులా ఊడొచ్చి లోపల సన్నటి దారం మిగిలితే అది వేరు కుళ్ళు. కుళ్ళినంత మేర కత్తిరించి, కొత్త మట్టి మిశ్రమంతో ఇంకా చిన్న కుండీలోకి మార్చండి. నాలుగైదు రోజులు నీడలో ఉంచండి. టానిక్ జోలికి పోకండి.

ఇక మీదట చెంబు లెక్క మానేయండి. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి చూడండి. లోపల చల్లగా తగిలితే ఆ రోజు నీళ్ళు లేవు. చిన్న కుండీలైతే చేత్తో ఎత్తి చూడటం ఇంకా సులువు. తడిసిన కుండీ బరువెంతో, ఆరిన కుండీ బరువెంతో వారం రోజుల్లో మీ చేతికే తెలిసిపోతుంది. పోసినప్పుడు మాత్రం అడుగు కన్నంలోంచి కారేదాకా పోయండి. కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళు అరగంటలో పారబోయండి. ఎండలు ముదిరాక ఇదే కుండీ రోజుకు రెండుసార్లు అడగొచ్చు. అప్పుడు కూడా వేలుదే తీర్పు.

ప్రశ్న: కుండీ అడుగున రెండంగుళాలు గులకరాళ్ళు వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని అందరూ చెబుతారు. మీరు ఎప్పుడూ చెప్పరేం?

అది పని చెయ్యదు కాబట్టి. నేనూ పదేళ్ళు వేశాను.

గిన్నెలు తోమే స్పాంజి ఒకటి నిండా తడిపి, బల్లపరుపుగా రెండు వేళ్ళతో పట్టుకోండి. బొట్లు కారి కారి ఆగిపోతాయి. ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ కారుతుంది! స్పాంజిలో కొత్తగా నీళ్ళేమీ పుట్టలేదు. అడుగున కొంత ఎత్తు మేర నీళ్ళను పట్టి ఉంచడం దాని స్వభావం. స్పాంజి ఎత్తు పెరిగితే, ఆ తడి అడుగు భాగం మొత్తంలో తక్కువ వంతవుతుంది. కుండీలో మట్టి కూడా అంతే. సన్నటి సందులున్న మట్టిలోంచి పెద్ద సందులున్న రాళ్ళలోకి నీళ్ళు అంత సులువుగా దిగవు. పైనున్న మట్టి పూర్తిగా నానాకే దిగుతాయి. మీరు రాళ్ళు వేస్తే కుండీ అడుగున ఉండాల్సిన ఆ చిత్తడి పొర రెండంగుళాలు పైకొచ్చి, వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. వేళ్ళకు మిగిలే చోటూ తగ్గుతుంది.

కన్నంలోంచి మట్టి జారకుండా ఒక పాత దోమతెర ముక్క చాలు. నీళ్ళు దిగడమనేది మట్టి మిశ్రమం పని. నేను కలిపేది మట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, బాగా మాగిన కంపోస్టు ఒక వంతు. మట్టి జిగురుగా ఉంటే ముతక ఇసుకో, పెర్లైట్ అనే తెల్లటి తేలిక గుళికలో ఇంకొంచెం. కొబ్బరి పొట్టును రెండు మూడు నీళ్ళలో కడగండి, దానిలో ఉప్పుంటుంది. మిశ్రమం కలిపాక పిడికిట్లో పట్టి నొక్కి చూడండి. ముద్ద కట్టి, బొటనవేలు తగిలించగానే విడిపోతే పదును కుదిరినట్టే.

ప్రశ్న: మేడ మీది వసారాలో పెద్ద కుండీలు పెట్టాలని ఉంది. బరువు మోస్తుందా?

దాన్ని ఉత్తరంలో చెప్పలేను, ఇల్లు కట్టిన ఇంజనీరును అడగాల్సిందే. లెక్క మాత్రం చెబుతాను. తడిసిన మిశ్రమం లీటరుకు సుమారు కిలో, మట్టి పాలు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. అంటే 40 లీటర్ల తొట్టి, మొక్కతో కలిపి 40 నుంచి 50 కిలోలు. పెద్దవాటిని గోడల వారగా, స్తంభాల దగ్గర పెట్టండి. వసారా మధ్యలో, కొసన గుంపుగా పెట్టకండి. పిట్టగోడ మీద కుండీ పెట్టడం నాకు అస్సలు ఇష్టం ఉండదు, కింద నడిచేవాళ్ళ తల గుర్తొస్తుంది.

అన్నిటికీ పెద్దవి అక్కర్లేదు కూడా. టమాటాకు 20 లీటర్లు, వంగకు 15, మిరపకు 10 చాలు. ఆకుకూరలకు 15 సెంటీమీటర్ల లోతున్న వెడల్పాటి తొట్టి సరిపోతుంది. చిన్న నారును తీసుకెళ్ళి పెద్ద తొట్టి మధ్యలో నాటితే వేరు అందని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి పుల్లబడుతుంది. మెల్లగా పెద్ద కుండీలకు మార్చుకుంటూ రండి.

ప్రశ్న: పోయిన నెల మీరు రాశారని వేపనూనె కొట్టాను. రెండో రోజుకే వంగ ఆకులు అంచుల్లో మాడిపోయాయి. కొలత మీరు చెప్పినట్టే, లీటరుకు 5 మిల్లీలీటర్లు. ఇదేం సలహా?

తప్పు నాది. కొలత రాశాను గానీ ఎప్పుడు కొట్టాలో రాయడం మరిచిపోయాను. నూనె పట్టిన ఆకు మీద ఎండ పడితే మాడుతుంది. నీళ్ళు లేక వాడి ఉన్న మొక్కకు కొట్టినా మాడుతుంది. పొద్దు వాలాక, ముందురోజు నీళ్ళు పోసి ఉన్న మొక్కకే కొట్టాలి. నూనె నీళ్ళలో కలవదు కాబట్టి ముందు కొన్ని చుక్కల ద్రవ సబ్బుతో గిలక్కొట్టి, తర్వాత నీళ్ళు కలపాలి. కొట్టేటప్పుడు మధ్యమధ్యలో సీసా ఊపుతూ ఉండాలి. అన్నిటికన్నా ముందు రెండు ఆకుల మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడాలి. ఈ చివరిది ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెయ్యరు, నాతో సహా.

మాడిన ఆకులు కోలుకోవు, కానీ కొస చిగురు పచ్చగా ఉంటే మొక్క బాగానే ఉన్నట్టు. కొత్త ఆకులు నాలుగు విప్పుకునేదాకా మాడినవాటిని కూడా తుంచకండి, మిగిలిన పచ్చ మేర పని చేస్తూనే ఉంటుంది.

ప్రశ్న: టమాటా మొదటి గుత్తి కాయలకు అడుగున నల్లగా, తోలులా అణిగిన మచ్చ వచ్చింది. కాల్షియం లోపమని చెప్పి కోడిగుడ్డు పెంకుల పొడి వేయమన్నారు. వేశాను, ఎప్సమ్ సాల్ట్ కూడా వేశాను. తగ్గలేదు. ఇంకేం వెయ్యాలి?

రెండూ వేశారా! పెంకుల పొడి వల్ల నష్టమేమీ లేదు, కానీ అది మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. ఈ కాపుకు అందదు. ఎప్సమ్ సాల్టులో ఉండేది మెగ్నీషియం. వేరు దగ్గర అది కాల్షియానికి పోటీ. ఈ జబ్బుకు అది వేస్తే ఎదురు తన్నే అవకాశం ఉంది, ఆపేయండి.

లోపం ఉన్నది కాయలో, మట్టిలో కాదు. మామూలు మిశ్రమంలో కాల్షియం సరిపడానే ఉంటుంది. అయితే అది మొక్కలో నీళ్ళతో పాటే పైకి ప్రయాణిస్తుంది. నీళ్ళు ఎక్కువగా పోయేది ఆకులకు, ఎందుకంటే ఆవిరి వదిలేది ఆకులే. కాయకు వెళ్ళేది కొంచెం, అందులోనూ కాయ కొసకు చేరేది మరీ కొంచెం. కుండీ ఒకరోజు ఎండి, మర్నాడు మునిగి, మళ్ళీ ఎండితే ఆ కొంచెం కూడా తెగిపోతుంది. కాయ ఉబ్బే రోజుల్లో ఇది జరిగితే కొస కణాలు కూలిపోతాయి. మొదటి గుత్తికే ఎక్కువ రావడం కూడా మామూలే.

కాబట్టి తడి ఒక తీరుగా ఉంచండి. మట్టి మీద ఎండుటాకులు రెండంగుళాల మందాన పరవండి, ఆరడం సగానికి సగం నెమ్మదిస్తుందని నా చేతికి తెలుసు, కొలిచింది కాదు. కుండీ నల్ల ప్లాస్టిక్‌దైతే ఎండ వైపు ఒక గోనెసంచి చుట్టండి, లేదా ఇంకో కుండీలో దించండి. ఎండకు నల్ల కుండీ అంచున మట్టి ఎంత కాలుతుందో ఒక మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. నత్రజని ఎరువు తగ్గించండి, ఆకు పెరిగేకొద్దీ కాయ వాటా తగ్గుతుంది. మచ్చపడ్డ కాయలు కోసేయండి, మచ్చ మేర తీసేస్తే మిగతాది తినొచ్చు. రెండో గుత్తి నాటికి సర్దుకోకపోతే రాయండి.

పనిలో పనిగా చెబుతాను. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24 కన్నా తగ్గకపోతే టమాటా పుప్పొడి పనిచెయ్యక పూత రాలుతుంది. దానికి మందు లేదు. మధ్యాహ్నం నీడ ఇవ్వడం, వేడి తగ్గేదాకా మొక్కను బతికించుకోవడం, అంతే.

ప్రశ్న: మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి. ముడతకు ఏం వెయ్యమంటారు?

ఏ ముడత? పైకా, కిందికా? మీరు అది రాయలేదు, జవాబంతా దాని మీదే ఉంది.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పై ముడత, తామర పురుగుల పని. ఆకు కింద తెల్లకాగితం పట్టి కొమ్మను తట్టండి. గడ్డి రంగులో, సన్నగా, అక్షరంలో గీతంత పొడుగున్న పురుగులు కాగితం మీద పరుగెడతాయి. అంచులు కిందికి వంగి తిరగేసిన దోనెలా అయి, ఆకు కాడలు పొడుగ్గా సాగి, ఆకు ముదురు పచ్చగా పెళుసుబారితే అది కింది ముడత, నల్లిది (మంచాల్లో ఉండే నల్లి కాదు, మొక్కలకు పట్టేది). ఈ నల్లి కంటికి ఆనదు, పది రెట్లు పెద్దది చేసే భూతద్దం కావాలి. ఇక కొత్త ఆకులన్నీ చిన్నవైపోయి, ఆకు ఈనెల మధ్య పసుపు తిరిగి, కొస గుబురుగా కుచించుకుపోతే అది వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది, నయం కాదు. మనసు రాయి చేసుకుని ఆ మొక్కను పీకి, సంచిలో మూటగట్టి పారేయండి. పక్కవాటికి అంటకముందే.

మొదటి రెండింటికీ ముందు నీళ్ళే మందు. వరసగా మూడు ఉదయాలు ఆకుల అడుగు భాగం కడిగేలా గట్టిగా చల్లండి. తగ్గకపోతే పైన చెప్పినట్టు వేపనూనె, ఐదారు రోజులకొకసారి. నల్లికి గంధకం కొడతారు గానీ, నూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టకూడదు, ఎండలు 32 డిగ్రీలు దాటే రోజుల్లోనూ కొట్టకూడదు. ఆకులు మాడతాయి. ఒక్క మాట: ముడుచుకున్న ఆకు తిరిగి విప్పుకోదు. తగ్గిందో లేదో కొత్తగా వచ్చే చిగురు చూసి చెప్పాలి.

ప్రశ్న: కొత్తిమీర జానెడు కూడా ఎదగకుండానే పూతకొస్తోంది. పూ కాడలు తుంచితే ఆగుతుందా?

ఆగదు. కొత్తిమీరది చలి ప్రాణం. వేడి తగిలితే ఆకు మాని విత్తనం మీద పడుతుంది. ఒకసారి కాడ లేచాక వెనక్కి రాదు. వేసవి ముంచుకొచ్చేలోపు దక్కించుకోవాలంటే ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్న చోట, పది పదిహేను రోజులకొకసారి కొంచెం కొంచెంగా చల్లుకుంటూ పోవాలి. ఒక్కో ధనియం గుల్లలో రెండు విత్తులుంటాయి. అరచేతిలో మెల్లగా నలిపి రెండుగా విడగొట్టి చల్లండి. నారు పోసి నాటొద్దు, దాని తల్లివేరుకు కదిలిస్తే కోపం. ఇప్పటికే పూసినవాటిని రెండింటిని వదిలేయండి. ఆ తెల్లపూల మీదికి, మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే పురుగులు వస్తాయి. ఎండలు ముదిరాక ఆ తొట్టిలో తోటకూర, బచ్చలి వేసుకోండి. వాటికి వేడంటే పండగ.

ప్రశ్న: దోస తీగకు పూలు బోలెడు, కాయ ఒక్కటీ లేదు.

మొదట వచ్చేవన్నీ మగపూలే. ఆడపువ్వుకు వెనక చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు వట్టి కాడే. ఆడపువ్వు వచ్చిన రోజు ఉదయం ఒక మగపువ్వు కోసి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దండి. మేడ మీదికి తేనెటీగలు తక్కువొస్తే మనమే ఆ పని చెయ్యాలి.

ప్రశ్న: పోయినేడాది కుండీల్లోని పాత మట్టి పారబోయాలా?

ఎందుకు? వేళ్ళు ఏరేసి, గడ్డలు చిదిపి, మూడో వంతు కొత్త కంపోస్టు కలపండి. టమాటా ఉన్న మట్టిలో మళ్ళీ టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పెట్టకండి, ఇవన్నీ ఒకే కుటుంబం, ఒకరి జబ్బు ఇంకొకరికి తేలిగ్గా అంటుతుంది. బీన్సో ఆకుకూరో వేయండి. వేరు కుళ్ళుతో చచ్చిన మొక్క మట్టి మాత్రం కూరల కుండీల్లోకి తేకండి.

ప్రశ్న: వారం రోజులు ఊరెళ్ళాలి. కుండీలెలా?

అన్నిటినీ నీడలోకి, దగ్గరదగ్గరగా చేర్చండి. మధ్యలో కాస్త ఎత్తు మీద నీళ్ళ బకెట్టు పెట్టి, తడిపిన నూలు తాడు ఒక కొస బకెట్టు అడుగుకు, రెండో కొస కుండీ మట్టిలోకి మూడంగుళాలు దించండి. బయల్దేరే రోజు కాదు, రెండు రోజుల ముందే పెట్టి చూసుకోండి. నైలాన్ తాడు నీళ్ళు లాగదు. ఈ ముక్క నేను ఊరి నుంచి తిరిగొచ్చాక తెలుసుకున్నాను.

ప్రశ్న: మా తాతయ్య బెండ మొక్క మీద రోజూ చీమలు ఎక్కి దిగుతుంటాయి. అవి మొక్కను తింటాయా? చీమల మందు వెయ్యమంటారా? (నాలుగో తరగతి)

తినవు నాన్నా. మందు కూడా వద్దు. ముందు అవి ఎక్కడికెళ్తున్నాయో కనిపెట్టు. ఒక్క చీమను ఎంచుకుని, చూపు తిప్పకుండా దాని వెంటే వెళ్ళు. లేత కొస దగ్గరో, ఆకు అడుగునో ఆగుతుంది. అక్కడ ఆవగింజ కన్నా చిన్నవి, పచ్చగానో నల్లగానో, గుంపులు గుంపులుగా అంటుకుని ఉంటాయి. వాటి పేరు పేనుబంక. అవి మొక్క రసం పీల్చి, ఎక్కువైన తీపిని వెనక నుంచి చుక్కలుగా వదులుతాయి. చీమ తన మీసాలతో వాటి వీపు మీద తట్టి, ఆ చుక్క బయటికి రాగానే తాగేస్తుంది. దాని కోసమే అంత దూరం ఎక్కేది. ఆ తీపి పోకూడదని పేనుబంకకు కాపలా కూడా కాస్తుంది. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగు పేనుబంకను తినడానికొస్తే, చీమలు కలిసి దాన్ని తరిమేస్తాయి.

చూడటం అయిపోయాక తాతయ్యను పిలిచి, కొస కింద ఒక చెయ్యి అడ్డం పెట్టమని, నువ్వు నీళ్ళు గట్టిగా చిమ్మి పేనుబంకను కడిగెయ్యి. రెండు మూడు రోజులు అలా చెయ్యి. ఆ తర్వాత చీమలు ఇంకా ఎక్కుతున్నాయో లేదో, ఎక్కితే ఎన్ని ఎక్కుతున్నాయో లెక్కపెట్టి నాకు ఉత్తరం రాయి.